అన్ని పేర్ల ఊళ్ళో మా బుర్రకథ

భాగ్యనగరానికి ఆ పేరెలా వచ్చిందో మా వీరరాఘవులు బాబాయి తెనాలి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఏళ్ళ తరబడి బుర్రకథగా చెప్పాడు. భాగమతి ఏటికి అవతల ఉంటుంది. యువరాజు ఇవతల ఉంటాడు. మూసీ పొంగుతుంది. యువరాజు గుర్రంతో సహా వరదలోకి దూకుతాడు. కొడుకు మళ్ళీ ఆ పని చెయ్యకుండా రాజుగారు వంతెన కట్టిస్తాడు. కొడుకు రాజయ్యాక ఆమె పేరున ఊరే కట్టిస్తాడు. ఈ కథ విని కొంగు తడవకుండా లేచిన ఆడమనిషి మా వైపు లేదు. లోపమల్లా ఒకటే. బాబాయి ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. మూసీ ఎంత ఉంటుందని ఎవరైనా అడిగితే "కృష్ణమ్మకి అక్క" అని తేల్చేసేవాడు.

మా దళం ముగ్గురం. మధ్యలో తంబురాతో బాబాయి. ఆయనకి కుడిపక్క గుమ్మెట వాయిస్తూ కోటయ్య మామ, నీతులూ లోకం సంగతులూ ఆయన వంతు. ఎడమపక్క నేను, హాస్యం. బాబాయి జనాన్ని ఏడుపు అంచుదాకా తీసుకుపోతాడు. అక్కడ నేనొక వెధవ ప్రశ్న అడిగి వాళ్ళని వెనక్కి లాక్కొస్తాను. ఈ అలవాటు పందిరి దిగాక కూడా పోక, నాకు రెండు పెళ్ళిచూపులు చెడ్డాయి.

పోయిన వేసవిలో మిరపకాయలు కొనడానికి గుంటూరు వచ్చిన ఉస్మాన్‌గంజ్ వ్యాపారి రాజలింగం సేఠ్ మా కథ విన్నాడు. "దసరాకు మా తానికి రాండ్రి. మొదటి పొద్దు జెప్పుండ్రి. మా గంజ్ జనం మెచ్చిన్రంటే పండగ దాంక రోజూ మీదే. మెచ్చకపోతే..." అని ఆగాడు. మొహమాటస్తుడు. మిగతాది కోటయ్య మామ పూర్తి చేశాడు: "మర్నాడు బండి."

బాబాయి మాత్రం ఇంకో మెట్టు ఎక్కాడు. ఆ ఊరి కథ ఆ ఊళ్ళో నిలవకపోతే ఇక ఈ కథ ఎక్కడా ఎత్తనని పిన్నితో చెప్పాడట. పిన్ని "చలవ బట్టలు ఎన్ని పెట్టను?" అని అడిగిందట. మా ఇంట్లో ఈ గుణం నా ఒక్కడిదే కాదు.

రైల్లో

తెల్లారేసరికి మా ఎదురు బల్ల మీదికి సీతాఫలాల గంపతో ఒక ముసలాయన చేరాడు. గంప మా కాళ్ళ మధ్య, ఆయన కాళ్ళు మా బల్ల మీద.

"ఏడికి బిడ్డా?"

"హైదరాబాదు, తాతా."

"పట్నమా?"

"ఏ పట్నం?" అన్నాను. మాకు మచిలీపట్నం ఉంది, విశాఖపట్నం ఉంది, నిజాంపట్నం ఉంది. పట్నాలకి కొదవలేదు.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "గవన్ని ఉంటే ఉండనీ. పట్నం ఒక్కటే ఉంటది."

బాబాయి ముందుకు వంగి, "దాన్ని భాగ్యనగరం అంటారు కదండీ?" అని అడిగాడు. ముసలాయన ఒక పండు తీసి బాబాయి చేతిలో పెట్టాడు. ఒంట్లో బాగాలేని వాళ్ళని మా అమ్మమ్మ కూడా ఇలాగే ఓదార్చేది. పండు మాత్రం వెన్నలా ఉంది. మా వైపు సీతాఫలం గింజకి కండ అతికించినట్టుంటుంది. ఇక్కడ కండలో గింజ దాక్కుని ఉంటుంది.

నాంపల్లి నుంచి

స్టేషను బయట యాదగిరి అనే రిక్షా అతను ముగ్గురికీ ముప్పావలా అన్నాడు. బాబాయి, కోటయ్య మామ సీటులో కూర్చుంటే నేను వాళ్ళ కాళ్ళ దగ్గర గుమ్మెటలతో పాటు సామానుగా ప్రయాణం చేశాను.

"గవేంది అన్నా, కుండలా?"

"కుండలే. కొడితే మాట్లాడతాయి."

"మా ఇంట్ల కొట్టకున్నా మాట్లాడతది," అన్నాడు పెడలు తొక్కుతూ.

బాబాయి దారంతా మేడల్నీ, ఎర్రటి రెండంతస్తుల బస్సుల్నీ కళ్ళార్పకుండా చూస్తున్నాడు. సీటు అంచుకి జరిగి, "ఇదేనా నాయనా భాగ్యనగరం?" అన్నాడు.

"భాగ్యనగరమా? గా పేరు మీద ఓ లాడ్జింగ్ ఉన్నది. గాడికి పోవాల్నా?"

లాడ్జింగు వద్దని చెప్పాం. "పోనీ, ఇది హైదరాబాదేనా?" అన్నాను.

"హైద్రబాదే. గని షహర్ గాదు. ఏరు దాటినంక షహర్. పెద్దలు ఇంకా గట్లనే అంటరు, 'షహర్‌కు పోయొస్త' అని."

అంటే మేము ఊళ్ళోకి వచ్చేశాం, కాని ఊరు ఇంకా రాలేదు.

ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల మేడ

గంజ్ అంటే టోకు బజారు. బస్తాల మధ్య సందులూ, సందుల్లో ఎడ్లబండ్లూ, బండ్ల మీద మళ్ళీ బస్తాలూ. చింతపండు వాసన అయ్యాక పసుపు, పసుపు తరువాత వక్కలు. కళ్ళు మూసుకుని నడిచినా ఎవరి కొట్టు దగ్గరున్నామో తెలుస్తుంది. రాజలింగం సేఠ్ ఎదురొచ్చి, ఒట్టు పెట్టించుకున్నట్టు ముగ్గురి చేతులూ పట్టుకుని, మా కోసం కడిగించిన గది చూపించాడు. గది బాగుంది. గాలి వస్తుంది. వచ్చే గాలి కింద ఉన్న గోదాములోంచి వస్తుంది. గోదాము నిండా ఎండుమిరపకాయలు.

మా గుంటూరు మిరపకాయలే. మాకంటే ముందే బయల్దేరి, మాకంటే ముందే చేరి, మా మంచాల కింద కాచుకుని ఉన్నాయి.

మొదటి తుమ్ము కోటయ్య మామది. ఆ తరువాత తుమ్ములకి వంతులు లేకుండా పోయాయి. మా సేఠ్‌కి మాత్రం చలనం లేదు. ఆయన గుమాస్తా ఆ బస్తాల మీదే తల ఆనించి కునుకు తీస్తున్నాడు.

"ఫికర్ చేయకుండ్రి. వారం పది దినాలల్ల అలవాటైతది," అన్నాడు సేఠ్.

మా కథ రేపు సాయంత్రం.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. చింతపండు పులుసులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికి అలాగే పోస్తారు, పొయ్యి ఎక్కించరు. ఈ సంగతి తెలియని కోటయ్య మామ, కాగబెడతారు కాబోలని గిన్నె ముందు మర్యాదగా కూర్చున్నాడు. చివరికి సేఠ్ తల్లి వచ్చి నిలబడింది. ఆవిడ డెబ్బై దాటిన మనిషి. అందరూ అవ్వ అంటారు. ఇల్లూ, కొట్టూ, సేఠూ ఆవిడ కనుసన్నల్లోనే నడుస్తాయి.

"ఏంది, దండం పెడుతున్నవా పులుసుకు? తిను!"

మామ తిన్నాడు. మూడుసార్లు పోయించుకున్నాడు.

అఫ్జల్‌గంజ్ చాయ్

సాయంత్రం గొంతు సవరించుకోవడానికి అఫ్జల్‌గంజ్ పోయాం. పాలరాతి బల్లలున్న హోటల్లో కుర్చీ దొరకడం కథ చెప్పడం కన్నా కష్టం. మా బల్ల దగ్గర రైల్వేలో మెకానిక్ అయిన డేవిడ్ కూర్చున్నాడు. మాకు ఆర్డరివ్వడం కూడా ఆయనే నేర్పాడు. పావలా చాయ్ ఒకటి చెప్పి రెండు కప్పులు అడగాలి. అడిగితే నొచ్చుకోరు, అడక్కపోతేనే ఆశ్చర్యపోతారు. మా తెనాలిలో ఇలా అడిగితే, ముందు మీ నాన్నగారి పేరేమిటని అడుగుతారు. చాయ్ రబ్బడిలా చిక్కగా ఉంది. బిస్కట్టు ముంచితే తిరిగొచ్చేది సగమే.

బాబాయి ఉండబట్టలేక, ఊరికి ఆ పేరెలా వచ్చిందని డేవిడ్‌ని అడిగాడు.

"నాకేం ఎరుక అన్నా. మా పాత ఆఫీసర్ 'హైడ్రబాడ్' అనేటోడు, నోట్ల గోలీ పెట్టుకున్నట్టు. ఆయన పోయిండు. అలవాటయి ఇప్పుడు నేనంటున్న."

పక్క బల్ల మీది గళ్ళచొక్కా ఇటు తిరిగాడు. "భాగమతి లేదు, గీగమతి లేదు. బాగ్ అంటే తోట. అంతటా తోటలుండె, అందుకని బాగ్‌నగర్."

బాబాయి కప్పు కింద పెట్టేశాడు. "తోట కోసం వరదలో దూకుతాడా ఎవడైనా?"

"ఎవడు దూకిండు? నువ్వు జూసినవా?"

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న తెల్లగడ్డం చాచా అప్పుడు కలగజేసుకున్నాడు. "హైదర్ అంటే షేర్, సింహం. హజ్రత్ అలీ బిరుదు. ఊరు ఆయన పేరు మీద. ఇంకొందరేమంటరు, బేగం అయినంక భాగమతికే హైదర్ మహల్ అని పేరు పెట్టిండు, అండ్ల కెల్లి వచ్చిందంటరు."

"అయితే భాగమతి ఉన్నట్టేగా?" బాబాయి మొహం వెలిగింది.

"ఉండెనో, లేకుండెనో, అల్లాకు ఎరుక. చాయ్ మాత్రం ఉన్నది. సల్లగైతుంది, తాగు మియా."

నాలుగు బల్లల వాళ్ళు లేచి వాదించుకుంటుంటే మేము బయటపడ్డాం. గది చేరే దారిలో బాబాయి ఒకటే మాట అన్నాడు. "రేపు పందిట్లో కూడా వీళ్ళే ఉంటారురా." ఆ మాట సగం బొంగురుగా, సగం గాలిగా వచ్చింది. చాయ్ వేసిన మందు మీద, ఆ రాత్రి మిరపకాయలు తమ పని తాము చేసుకుపోయాయి.

పురానాపూల్

మర్నాటికి బాబాయి గొంతులో మాటకి బదులు గరగర మాత్రమే మిగిలింది. మిరియాలూ, శొంఠీ, పటికబెల్లం అన్నీ అయ్యాయి. కథ చెప్పే ఆశ ఉన్నా లేకపోయినా ఏరు చూడాల్సిందేనని సైగ చేశాడు. అవ్వ అటే పోతోంది. చేతిలో చిన్న పళ్ళెం, అందులో పసుపుపచ్చటి తంగేడు పూలు. ఇక్కడ ఆడవాళ్ళు దసరా ముందు పూలని వరసలుగా పేర్చి, బతుకమ్మ అని దాని చుట్టూ పాడుతూ తిరిగి, నీళ్ళలో వదులుతారు. మా వైపు బొమ్మల కొలువు పెట్టి పిల్లలకి శనగలు పంచుతాం. మా బొమ్మలు మళ్ళీ పెట్టెలోకి పోతాయి. వీళ్ళ పూలు ఏ ఏటికాయేడు వెళ్ళిపోతాయి. అవ్వ తీసుకెళ్ళే పూలు ఆ పేర్పులోవి కావు. వేరే.

వంతెన చూడగానే బాబాయి చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. రాతి కమానులు, ఎంతకాలమైనా ఉంటామన్నట్టున్నాయి. ఇన్నేళ్ళూ తన నోటితో కట్టించిన వంతెన! తరువాత పిట్టగోడ మీంచి వంగి కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏరేదీ?" అని గరగర వినిపించింది.

"గదే," అంది అవ్వ.

కింద చాకళ్ళు బట్టలుతుకుతున్నారు. గేదెలు పడుకుని ఉన్నాయి, వాటి వీపులు కూడా పూర్తిగా తడవలేదు. పచ్చగడ్డి మళ్ళ మధ్య నీళ్ళు రెండు పాయలుగా, ఎవరికీ అడ్డు రాకుండా పోతున్నాయి.

బాబాయి మొహం చూడలేక నా పని నేను చేశాను. "బాబాయ్, ఇందులో దూకితే యువరాజు మునగడు. మోకాలి చిప్ప పగులుతుంది. రాజుగారు కట్టించాల్సింది వంతెన కాదు, దవాఖానా."

అవ్వ పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "మంచిగ జెప్పినవ్ పిలగా!" నవ్వు తగ్గాక పిట్టగోడకి ఆనుకుంది.

"నేను గింత పోరిని. అఫ్జల్‌గంజ్ ఒడ్డుకే ఉంటుంటిమి. గిదే ఏరు, గివే బతుకమ్మ దినాలు. ఒక్క తీరుగ వాన. తెల్లారి జూస్తే గోడ లేదు, గడప లేదు. మా అక్క నన్ను ఎత్తి చింతచెట్టు కొమ్మ మీదికి దోసింది. మల్ల ఇంకో పిల్ల కొట్టుకపోతుంటే అందుకుందామని వంగింది. గంతే."

"ఎవరి పిల్ల?" అన్నాను.

"ఎవలదో. మాది గాదు." పళ్ళెంలో పూలని వేళ్ళతో సర్దింది. "చంద్రమ్మ. పదేండ్లది. గా పేరు పెట్టి పిలిచినోళ్ళందరు పోయిన్రు. నేనొక్కదాన్నే ఉన్న."

పూలని కిందికి వదిలింది. సగం నీళ్ళలో పడ్డాయి, సగం గడ్డిలో. ఒక గేదె అరిచింది. ఆ పూట హాస్యం వంతు అది తీసుకుంది.

పందిట్లో

దీపాలు పెట్టేవేళకి బాబాయి తంబురా నా భుజానికి తగిలించి, నా గుమ్మెట తాను మెడలో వేసుకున్నాడు. నేను కథకుణ్ణి, ఆయన హాస్యం. మా దళం చరిత్రలో లేదిది. "నువ్వు ఏడిపించగలవా?" అని కోటయ్య మామ నన్ను అడిగాడు. పాడటం మొదలుపెడితే ఎవరైనా ఏడుస్తారని చెప్పాను.

బస్తాలు పక్కకి నెట్టి పందిరి వేశారు. హమాలీలు, కొట్లవాళ్ళు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు, ముందు వరసలో అవ్వ. డేవిడ్ కుటుంబంతో వచ్చాడు. గళ్ళచొక్కా కూడా వచ్చాడు, ఖర్మ. సేఠ్ ఒక మూల నిలబడి అందరి మొహాలూ చూస్తున్నాడు.

భాగమతి పేరు ఎత్తానో లేదో గళ్ళచొక్కా లేచాడు. "ఝూట్! భాగమతి లేదు, తోటలు!"

"కూసో! మా తాత జెప్పిండు, ఉండె!" అన్నాడు ఒక హమాలీ.

"మీ తాత గా పెండ్లికి పోయిండా?"

ఇంకెవరో హైదర్ అన్నారు, ఇంకెవరో పట్నం అన్నారు. లొల్లి బస్తాల మీదికెక్కింది. నా తంబురా ఎవరికీ వినపడటం లేదు. సేఠ్ చేతి గడియారం చూసుకున్నాడు. మర్నాటి బండి నా కళ్ళముందు కూతపెట్టింది.

అప్పుడు నా ఎడమపక్క నుంచి, తలుపు సందులో పడ్డ పిల్లిలాంటి గొంతు లేచింది.

"అయ్యలారా! పేరు తరవాత తేల్చుకుందురు గాని, ముందు ఈ కుర్రాణ్ణి ఏరు దాటనివ్వండి. గుర్రం తడిసిపోతోంది!"

పందిరి ఒక్కసారి గొల్లుమంది. గళ్ళచొక్కా కూడా నవ్వి కూర్చున్నాడు. ఇన్నేళ్ళు నేను హాస్యం వాయించి సాధించలేనిది, బాబాయి గొంతు పోగొట్టుకుని సాధించాడు. గుంటూరు మిరపకాయలకి మేము రుణపడిపోయాం.

వరద ఎత్తుకున్నాను. బాబాయి రాగం నాకు రాదు. అవ్వ చెప్పిన చింతచెట్టు తెలుసు కాబట్టి దాన్నే మనసులో చూస్తూ పాడాను. యువరాజు దూకే చోట కథకుడు ఆగాలి, హాస్యం ప్రశ్న అడగాలి. అది మా కట్టుబాటు. నేను ఆగాను. మోకాలి చిప్ప మాట బాబాయి పొద్దున విన్నదే, వాడితే నవ్వులకి పందిరి కూలిపోతుంది. ఆయన ముందు వరసకేసి చూశాడు. గుమ్మెట మీద వేళ్ళు మెల్లగా ఆడించాడు.

"ఇంతకీ ఎంత లోతురా ఆ నీళ్ళు?"

"చింతచెట్టు కొమ్మ దాకా," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. పందిట్లో తలపండిన వాళ్ళు ఒకరిద్దరు తలలూపారు. కోటయ్య మామ తాళం ఒక దెబ్బ మరిచిపోయాడు. యువరాజు ఏరు దాటాడు. వంతెన లేచింది, ఊరు లేచింది.

కథ చివర చదివింపులు ఉంటాయి. కథ నచ్చిన వాళ్ళు రూపాయో, అర్ధో ఇచ్చి ఎవరి పేరు చెప్పమంటే వాళ్ళ ఊరూ, పేరూ పందిట్లో గట్టిగా చదువుతాం. వంతపాడే ఇద్దరూ తందాన అంటారు. "హైడ్రబాడ్ వాస్తవ్యులు డేవిడ్ గారు" అని, ఆయన అన్నట్టే గోలీ నోట్లో పెట్టుకుని చదివాను. ఆయన పిల్లలు పడి నవ్వారు. హమాలీ పట్నం వాస్తవ్యుడు. ఒక చింతపండు వ్యాపారి హైదరాబాద్ షహర్ వాస్తవ్యులు. గళ్ళచొక్కా అర్ధరూపాయి ఇచ్చి బాగ్‌నగర్ అని చదివించుకుని మరీ కూర్చున్నాడు.

అందరూ అయ్యాక అవ్వ లేచి కొంగు ముడి విప్పింది. రూపాయి నా చేతిలో పెట్టింది.

"చంద్రమ్మ పేరు మీద."

"ఏ ఊరని చదవను అవ్వా?"

"ఊరి పేరు నీకు తోచింది పెట్టు. అక్క పేరు సక్కగ జెప్పు."

చక్కగా చెప్పాను. ఊరి పేరు మింగేశాను. పందిట్లో ఆ పేరు ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకి పోయింది. తందాన అనడానికి బాబాయికి గొంతు లేదు, అయినా అన్నాడు.

సేఠ్ ముక్కు చీదుకుంటూ దగ్గరికొచ్చాడు. "మిర్చి ఘాటు," అన్నాడు. ఆ ఘాటులో పుట్టి పెరిగినవాడు! "పండగ దాంక మీదే. గదే కథ జెప్పుండ్రి."

చివరి పొద్దు

ఆ రాత్రే మమ్మల్ని బెల్లం గోదాము మీదికి మార్చారు. ఘాటు లేదు, చీమలున్నాయి. బాబాయి గొంతు తిరిగొచ్చింది, నా హాస్యం నాకు వచ్చింది. కాని పందిరి మారిపోయింది. మర్నాటి నుంచి అఫ్జల్‌గంజ్ నుంచీ, పురానాపూల్ నుంచీ ముసలివాళ్ళు వచ్చి కూర్చునేవారు. తమ పేరు కాదు, ఎప్పుడో నీళ్ళలో పోయిన పేర్లు చదివించేవారు. కథ తగ్గింది, పేర్లు పెరిగాయి. గళ్ళచొక్కా తన అమ్మమ్మ పేరు తెచ్చాడు. భాగమతి ఉందా లేదా అని మళ్ళీ ఎవరూ అడగలేదు. బాబాయి మాత్రం ఒక సాయంత్రం తానే ఆ మాట ఎత్తాడు. "ఉండే ఉంటుందిరా. లేకపోతే ఇంతమందికి ఎందుకు కోపం?"

తెనాలిలో మా వాళ్ళు ఇప్పుడు, "ఇంతకీ ఆ ఊరి అసలు పేరేమిటి?" అని అడుగుతున్నారు. నాకు తెలిసింది ఇదే. చివరి సాయంత్రం చదివింపుల్లో అవ్వ మళ్ళీ లేచింది. మళ్ళీ కొంగు ముడి విప్పింది.

"చంద్రమ్మ గారి పేరేనా అవ్వా?"

"ఆమెది అయిపాయె. గిది నాది. నేను పోయినంక చదివితే నాకేం ఇనబడతది? గిప్పుడే చదువు."

అన్నాళ్ళూ ఆవిడ చేతి కూడు తిని, ఆవిడ పేరేమిటో మేమెవరం అడగలేదు.

"నర్సమ్మ," అంది.

"ఏ ఊరని చదవను?"

"నువ్వు గిన్ని దినాలు చదివినవి ఎన్ని ఉన్నయో గన్ని చదువు బిడ్డా. అన్నిట్ల బతికిన." కొంగు సర్దుకుని, పందిరి చివరకి చెయ్యి చూపించింది. "గట్టిగ. గా మూలకు బీడీలు తాగేటోళ్ళకు గూడ ఇనబడాలె."

గుమ్మెట కింద పెట్టి, గొంతు సవరించుకుని, పట్నం దగ్గర మొదలుపెట్టాను.